ఇంకొక్క మలుపు

నోట్లో గుండుసూదులుంటే మనిషి మాట్లాడక్కర్లేదు. ఆ పూట దర్జీకి కలిసొచ్చింది అదొక్కటే.

నత్త భార్య అద్దం ముందు చేతులు చాపి నిలబడింది, మొగుడు కొండెక్కేటప్పుడు వేసుకునే జాకెట్టు తొడుక్కుని. అతను పోయాక మూడేళ్ళు బీరువాలో మగ్గిన జాకెట్టు అది. తనకు సరిపోయేలా చెయ్యమని పట్టుకొచ్చింది. చూడగానే దర్జీ గుర్తుపట్టాడు. కుట్టింది తనే మరి!

నత్త అతని ప్రాణస్నేహితుడు. సెలవొస్తే చాలు, ఇద్దరూ కొండెక్కేవాళ్ళు. దర్జీవి ఎప్పుడూ ఉరుకులు పరుగులే. నత్త మాత్రం కనిపించిన ప్రతి బండ మీదా చతికిలబడి, ఉడికించిన గుడ్డు ఒలుచుకుంటూ, “కూర్చోరా, కొండ ఎక్కడికీ పోదు,” అనేవాడు. నత్త అని పేరు ఊరికే పెట్టారా! గుడ్డు సగం చేసి, పెద్ద ముక్క దర్జీకే ఇచ్చేవాడు. అలాంటివాడు మళ్ళీ దొరుకుతాడా?

“పోయినవాళ్ళని తిట్టకూడదంటారు అన్నయ్యా,” అందామె. “కానీ నా కడుపు మండిపోతోంది. ఛాతీలో నొప్పి మొదలయ్యాక కూడా ‘ఇంకొక్క మలుపు’ అంటూ ఎక్కాడే! నేనూ పిల్లలూ గుర్తు రాలేదా? ఆ మొహం చూడబుద్ధి కాక ఫోటో గోడవైపు తిప్పేశాను.”

దర్జీ పళ్ళు బిగించాడు. ఆ కథ చెప్పింది తనే. ఆస్పత్రి వరండాలో ఆమె తన చొక్కా పట్టుకుని “ఏం జరిగింది?” అని నిలదీస్తే, భయంతో నోటికొచ్చింది చెప్పేశాడు. నిజానికి, “నొప్పిగా ఉందిరా, దిగిపోదాం,” అన్నది నత్త. “గ్యాసయ్యుంటుంది, ఇంకొక్క మలుపు, పద,” అన్నది దర్జీ. అంతే. ఆ తర్వాత ఎవరడిగినా అదే అబద్ధం చెప్పాల్సొచ్చింది. లోపల తనుండగానే సంచీ మూతి కుట్టేసుకున్నట్టయింది అతని బతుకు.

సూదులన్నీ జాకెట్టులోకి వెళ్ళిపోయాయి. నోరు ఖాళీ అయింది.

“చేతులు లాగేస్తున్నాయి అన్నయ్యా, ఇక చాలు.”

“అయిపోయింది చెల్లెమ్మా,” అంటూ డబ్బాలోంచి సూది తీశాడు. “ఇంకొక్కటి. ఒక్కటంటే ఒక్కటి.”

ఆమె చేతులు దించలేదు. అద్దంలో అతని మొహాన్నే చూస్తూ ఉండిపోయింది.

“ఆయన ఎప్పుడూ ఇంకొక్కటి అనలేదు,” అంది నెమ్మదిగా. “దేనికైనా చాలు చాలనేవాడు. ఇన్నాళ్ళూ నాకెందుకు తట్టలేదో! కొండమీద ఆ మాట ఎవరన్నారు?”

సూది దర్జీ బొటనవేల్లో దిగింది. తలుపువైపు చూశాడు. సొంత కొట్టు వదిలి ఎక్కడికని పారిపోతాడు?

“నేనే,” అన్నాడు. భోరుమని ఏడ్చేశాడు.

తిడుతుందనుకున్నాడు. చెంప పగలగొట్టినా బాగుండుననుకున్నాడు. ఆమె వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టింది. సూదులు గుచ్చుకుంటున్నా జాకెట్టు విప్పకుండా, స్టూలు లాక్కుని అతనికెదురుగా కూర్చుంది.

“మొదటి బండ దగ్గర్నుంచి చెప్పండి,” అంది. “ఒక్క మాట కూడా వదలొద్దు. తొందరేం లేదు, కొండ ఎక్కడికీ పోదు.”