బకెట్ అడుగున బొట్టు

నేను ఒక సెంట్రిఫ్యూజ్‌ని. పేరు పెద్దది గానీ పని చిన్నదే. గొట్టాల్లో పోసినదాన్ని గిరగిరా తిప్పి, బరువైనవాటిని అడుగుకి పంపి, తేలికవాటిని పైన నిలపడం. ఒక సోమవారం మధ్యాహ్నం నాకు శుభవార్త అందింది. అటెండర్ అప్పలకొండ గుమ్మంలోంచే కేకేశాడు.

"అమ్మా, ముసిల్దానికి విడుదలైపోనాది! ఎల్లుండి పాత సామానోలు వ్యానట్టుకొని వత్తారట."

హమ్మయ్య అనుకున్నాను. ఎక్కడో చలిదేశంలో నన్ను తయారుచేసి, చెక్కపెట్టెలో కూర్చి, ఓడెక్కించి విశాఖ పంపారు. అప్పటినుంచీ తిరుగుతూనే ఉన్నాను. సముద్రపు గాలికి నా ఒంటి రంగు పెచ్చులూడింది, బేరింగు మూలుగుతోంది. ఎందరో పరిశోధకులు వచ్చారు, డాక్టర్లయి వెళ్లారు. ఫలితం వస్తే వాళ్ల తెలివి, రాకపోతే నా బేరింగు. ఏడాదికి ఒక్క ఆయుధపూజ నాడే నాకు సెలవు. ఆరోజు పూలు చుట్టి, బొట్లు పెట్టి, నన్ను ముట్టుకోకుండా వదిలేస్తారు. ఇక రోజూ ఆయుధపూజే కదా అని మురిసిపోయాను.

నా పక్క గదిలో మృణాళిని చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆమె ఇక్కడి పరిశోధక విద్యార్థిని. కార్తీకంలోనే పెళ్లయింది. పోర్టు ఆఫీసులో పనిచేసే భర్త శశిధర్ రోజూ భోజనానికి క్యారేజీతో ఇక్కడికే వస్తాడు. ఇద్దరూ ఒకే మూతలో పప్పన్నం కలుపుకుని, వడియం ఎవరిదని దెబ్బలాడుకుంటారు.

"ఎల్లుండా? మరి నా వైరస్?"

"కొత్త మొగుడు ఎదురుగా కూర్చుంటే నీకు వైరస్ మీద బెంగా?"

"మీరెక్కడికీ పోరు కదండీ. ఇది పోతోంది!"

ఆమె బెంగలో న్యాయముంది. ఆమె చదివే వైరస్ మనుషుల్ని కాదు, బ్యాక్టీరియాని పట్టేది. దానికి బయట ప్రొటీన్ పెంకు, లోపల కొవ్వుతో పలచటి పొర. ఆ కొవ్వు సొంతం కాదు, తాను జొరబడిన బ్యాక్టీరియా దగ్గర కాజేసిందే. ఎలా కాజేస్తుందన్నదే ప్రశ్న. పెంకు తయారైతే పొర దానంతటదే వచ్చి చేరుతుందని ఆమె గైడు దక్షిణామూర్తిగారి నమ్మకం. కాదు, ఒక చిన్న ప్రొటీన్ దగ్గరుండి పొరను తీసుకొచ్చి పెంకుతో కలుపుతుందని మృణాళిని వాదన.

"మా పెళ్లి కుదిర్చినాయన లాంటిదన్నమాట సార్" అని ఒకరోజు ఆయనతోనే చెప్పింది. "రెండు వైపులా తిరిగి ఒప్పించాడు. ఆల్బంలో మాత్రం ఒక్క ఫొటోలోనూ లేడు."

"ఆల్బం సంగతి తర్వాత. రుజువు చూపించు" అన్నారాయన.

రుజువు కోసం ఆ చిన్న ప్రొటీన్ తయారుచేసుకోలేని మార్పు వైరస్‌ని ఎంచుకుంది. ఆమె మాట నిజమైతే దానికి పెంకు ఉంటుంది, పొర ఉండదు. అలాంటి బోలు పెంకు తేలిక కాబట్టి గొట్టంలో పైనే ఆగిపోవాలి. అది తేల్చాల్సింది నేనే. కొత్త యంత్రం వచ్చేలోపు ఆమె ఫెలోషిప్ అయిపోతుంది. రుజువు లేకపోతే సిద్ధాంతవ్యాసంలోంచి ఆ అధ్యాయం తీసేయమని గైడుగారు ముందే చెప్పేశారు.

మంగళవారం మృణాళిని పొద్దున్నే వచ్చింది. పంచదార నీళ్లు కింద చిక్కగా, పైకి పోనుపోను పలచగా ఉండేలా గొట్టాల్లో నింపింది. ఒకదాని మీద మామూలు వైరస్, ఇంకోదాని మీద మార్పు వైరస్ పోసింది. రెండూ సరిసమానంగా తూచి, ఎదురెదురు బకెట్లలో దించింది. బకెట్లంటే స్నానాలగదివి కావు, గొట్టం పట్టేపాటి లోహపు తొడుగులు.

మీట నొక్కింది. నాలుగు చుట్లు తిరిగానో లేదో, ఒక పక్కకి లాగినట్టయింది. ఎదురెదురు బరువుల్లో తేడా వస్తే నేను ఆగిపోతాను, అది నా పుట్టుగుణం. కీచుమని ఆగాను. మళ్లీ తూచి మళ్లీ నొక్కింది. మళ్లీ ఆగాను.

"వదిలేయమ్మా, దానికి ఓపిక లేదు" అన్నారు దక్షిణామూర్తిగారు. నాకూ అదే కావాలి. అయినా ఆ మాట ఎందుకో గుచ్చుకుంది.

బకెట్లు తీసి తుడుస్తుంటే కాగితానికి పసుపు అంటింది. మృణాళిని నాలుక్కరుచుకుంది.

"ఛ, నా పసుపుతాడే! పెళ్లయిన దగ్గర్నుంచీ ముట్టుకున్నదల్లా పసుపే. శశి చొక్కాలన్నీ ఇంతే."

అంతలో తన చేతులకేసి చూసుకుంది. రబ్బరు తొడుగులున్నాయి. తాడు కోటు లోపలుంది. బకెట్‌ని తలకిందులు చేసింది. అడుగున పసుపూ గంధమూ కలిపిన పెద్ద బొట్టు, నడుమ కుంకుమ, ఎండి రాయిలా ఉంది. గొట్టాల్ని తూచారు గానీ బకెట్‌ని ఎవరు తూచారు? దసరా తర్వాత ఆమె పెళ్లి సెలవులో ఉండటంతో ఆ బకెట్లు మళ్లీ ఎవరూ వాడలేదు, మిగతావాళ్లవి వేరే బకెట్లు.

"కొండా, ఇక్కడ పెట్టావేంటయ్యా?"

"అమ్మతోడు నేను మూతకే ఎట్టానమ్మా. ఎవులికీ అగుపడకుండా అడుగునెట్టడం నాకెందుకూ?"

పూజలంటే మండిపడే దక్షిణామూర్తిగారు కిటికీలోంచి సముద్రాన్ని శ్రద్ధగా చూడసాగారు.

"పాతదైపోయింది పాపం" అన్నారు అటే చూస్తూ. "ఈ ఒక్క ఏడాదీ లాగిస్తుందేమోనని..."

ఆమె నవ్వకుండా ఉండటానికి పెదవి కొరుక్కుంది. బొట్టు గోకి, కడిగి, ఆరబెట్టి, ఈసారి బకెట్లతో సహా తూచింది. నేను తిరిగాను. బేరింగు ఏడుస్తున్నా తిరిగాను. చాలనిపించేదాకా తిరిగి, ఆమె చెప్పినప్పుడే ఆగాను.

సాయంత్రం గదిలో దీపాలార్పారు. ఆమెను తీసుకెళ్లడానికి వచ్చిన శశిధర్ గొట్టాల కింద టార్చి పట్టాడు. మామూలు వైరస్ అడుగుకి దగ్గరగా తెల్లని మబ్బుతెరలా నిలిచింది. మార్పు వైరస్ గొట్టంలో ఆ చోట ఏమీ లేదు. బాగా పైన, ఊదితే చెదిరేలా, ఒక సన్నటి తెర.

"బోలు పెంకులు!" మృణాళిని గొంతుక్కూర్చుని గొట్టానికి కళ్లు ఆనించింది. "పొర రాలేదు సార్. తెచ్చేవాడు లేడు, రాలేదు!"

గైడుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "ఒక్కసారి వస్తే ఫలితం అనరు. మళ్లీ రావాలి. అందులో కొవ్వు లేదని విడిగా పరీక్షించాలి. కొండా, రేపు వ్యానొస్తే తిప్పి పంపెయ్."

నా విడుదల అలా ముగిసింది. నీరసంగా మూత వాల్చుకున్నాను. మృణాళిని ఆ మూత మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడింది. ఇన్నేళ్లలో పనికీ పూజకీ కాకుండా నన్ను ఊరికే తాకిన చెయ్యి అదొక్కటే.

"రేపు తొమ్మిదింటికల్లా మళ్లీ తిప్పుదాం సార్" అంది. "మీరు బొట్టు పెట్టాలనుకుంటే మాత్రం, ఇదిగో, ఇక్కడ మూత మీద పెట్టండి."