గాలి తగిలే బల్ల

చోడవరంలో బస్సెక్కిన దగ్గర్నుంచీ అచ్చియ్యమ్మకు ఒకటే బెంగ. ఒళ్ళో స్టీలు డబ్బా, డబ్బా నిండా బెల్లం గారెలు. వాటిని రోడ్డు మీద కూర్చుని ఎలా తినడం?

"హోటలు బయట బల్లలు వేస్తారు మామ్మా. సాయంత్రమైతే ఆ కాలనీ వాళ్ళంతా అక్కడే తింటారు" అని మనవరాలు గౌతమి ఫోనులో చెప్పింది మొదలు ఆమెకు సరిగ్గా నిద్ర లేదు.

ఫాతిమున్నీసా, అచ్చియ్యమ్మ చోడవరంలో ఒకే గోడకు అటూ ఇటూ కాపురాలు చేసినవాళ్ళు. ఫాతిమున్నీసా భర్త వజీర్ బట్టలు కుట్టేవాడు. ఆయన పోయాక కొడుకు ఆబిద్ తల్లిని విశాఖపట్నం తీసుకుపోయాడు. ఇప్పుడు ఆబిద్‌కి పూణే బదిలీ అయింది. ఈ రాత్రికే రైలు. డెబ్బై దాటిన ఇద్దరికీ అంత దూరంలో మళ్ళీ కలుసుకునే యోగం ఉంటుందన్న ఆశ లేదు.

"ఎల్లిపోయే ముందు ఒకపాలి ఎదురెదురుగా కూకుని తిందామే. ఇంటి నిండా మూటలే, కాలు పెట్టడానికి చోటు లేదు. మా వీధి చివర హోటలుంది, అక్కడికి రా" అని పిలిచింది ఫాతిమున్నీసాయే.

పిలిచిన చోటు బాగుంది, తినే చోటే బాగులేదు. అచ్చియ్యమ్మ పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ కంచం ముందు కూర్చున్నారంటే వీధి తలుపు పడాల్సిందే. దారిన పోయేవాళ్ళ కళ్ళు ముద్ద మీద పడితే దిష్టి. ఆ తిండి అరగదు, ఒంటబట్టదు. బస్సులో ఆకలేసినా అరటిపండు కొంగు చాటున ఒలుచుకునే మనిషి ఆమె. తన సంగతి ఎలా ఉన్నా, అంత దూరం ప్రయాణం కట్టిన ఫాతిమున్నీసాకు దిష్టి తిండి పెట్టి పంపించడమా?

విశాఖ బస్టాండు కాంప్లెక్సులో గౌతమి ఎదురొచ్చి ఆటోలో సీతమ్మధార తీసుకువెళ్ళింది. హోటలు ముందు ఆటో దిగి చూసేసరికి అచ్చియ్యమ్మ డబ్బాని కొంగు కింద దాచేసింది. ఫుట్‌పాత్ పొడుగునా కుర్చీలు, పైన తోరణాల్లా చిన్న చిన్న లైట్లు. ఒకావిడ నూడుల్సు ముళ్ళ చెంచాకి చుట్టుకుంటోంది. ఆవిడ మోచేతికి జానెడు దూరంలో సిటీబస్సు ఆగి ఉంది, కిటికీల్లోంచి ముప్పై మొహాలు ఆవిడ పళ్ళెంలోకే చూస్తున్నాయి.

"ఓలమ్మో, ఇదేటే గుంటా! బస్సులోవోళ్ళు సెయ్యి సాపితే పళ్ళెంలో పడతాది!"

"ఎవరూ చూడరు మామ్మా, ఎవరి గోల వాళ్ళది."

"సూడకపోతే ఆ డ్రైవరు మెడ ఎందుకలా తిప్పేడు?"

గౌతమి ఆటోకి డబ్బులిచ్చి తిరిగి చూసేలోపల అచ్చియ్యమ్మ అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. లోపల ఏసీ గది. కిటికీలకు తెరలు. మూలనున్న బల్ల దగ్గర గోడవైపు మొహం పెట్టి కూర్చుని, డబ్బా మూత ఒకసారి తీసి చూసి, మళ్ళీ గట్టిగా బిగించింది. ఇప్పుడు ఫరవాలేదు.

కాసేపటికి ఫాతిమున్నీసా వచ్చింది. పక్కన మనవరాలు అఫీఫా. తలుపు దగ్గర ఒక క్షణం ఆగి, బయట బల్లలవైపు చూసి, లోపలికి అడుగుపెట్టింది. మనిషి సగమైంది. నవ్వు మాత్రం ఆ నవ్వే.

"ఏటే, అద్దాల బీరువాలో లడ్డూలాగ కూకున్నావు?"

"బయట నలుగురి కళ్ళూ పడితే రైల్లో నీకు కడుపునొప్పి వత్తాదక్కా. అక్కడ నిన్నెవలు సూసుకుంటారు?"

"నువ్వు మారవే అచ్చియ్యా" అంది ఫాతిమున్నీసా.

"దాదీ, మీకిక్కడ..." అని అఫీఫా నాయనమ్మతో ఏదో అనబోయింది. ఫాతిమున్నీసా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నొక్కింది. "నువ్వెళ్ళి రైల్లోకి నీళ్ళూ బిస్కెట్లూ కొనుక్కురా. ముసిలోళ్ళ మాటలు నీకెందుకు?"

అఫీఫా వెళ్ళింది. వాళ్ళిద్దరినీ మాట్లాడుకోనిచ్చి గౌతమి వేరే బల్ల దగ్గర కూర్చుంది.

అచ్చియ్యమ్మ డబ్బా తెరిచి గారె చేతికిచ్చింది. చెప్పాలనుకున్నవన్నీ మొదలుపెట్టింది. వజీర్ కొట్టు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారని, పక్కవీధి సన్యాసమ్మ కోడలికి మగపిల్లాడని, చెరకు బళ్ళొస్తే మన వీధిలో ఇప్పటికీ దారి ఉండదని. ఫాతిమున్నీసా "ఊఁ" అంటోంది, "అవునే" అంటోంది. చున్నీ ముక్కు దాకా లాక్కుంది. గారె సగం కొరికి పక్కన పెట్టింది. మాటిమాటికీ తలుపువైపు చూస్తోంది.

అచ్చియ్యమ్మ మాటలు కుంటుపడ్డాయి. ఎదుటివాళ్ళు వినడం లేదని తెలిశాక మాట ఎలా సాగుతుంది?

"బాగులేవేటక్కా గారెలు?"

"బాగున్నాయే. నే... బయల్దేరతానే ఇక."

కూర్చుని ఎంతసేపైందని? టీ కూడా ఇంకా రాలేదు. అచ్చియ్యమ్మకు ఒళ్ళు మండిపోయింది. దుఃఖం ఆమెకు ఎప్పుడూ కోపం వేషంలోనే వస్తుంది.

"అవునమ్మా, పట్నం నీళ్ళు ఒంటబట్టేయి కదా. బస్సులో పడి వచ్చినదాంతో రెండు మాటలాడ్డానికి కూడా బరువైపోయిందేటి? ఎల్లు, ఎల్లు! పెద్ద పెద్ద ఊళ్ళు పిలుత్తన్నాయి!"

ఫాతిమున్నీసా చున్నీ సర్దుకుంది. లేచి, బల్ల పట్టుకుని నిలబడి, చల్లటి చేత్తో అచ్చియ్యమ్మ చెంప నిమిరింది. మెల్లగా నడిచి వెళ్ళిపోయింది. అచ్చియ్యమ్మ గోడకేసి చూస్తూ కూర్చుంది.

"మామ్మా, గుమ్మం దాకా అయినా వెళ్ళాల్సింది" అంది గౌతమి దగ్గరకొచ్చి.

"నాకు సాగనంపడం సేతకాదు" అంది అచ్చియ్యమ్మ. అది నిజమే. కూతుర్ని అత్తారింటికి పంపిన రోజు కూడా ఆమె వంటింట్లో గిన్నెలు తోముతూనే ఉంది.

బయటికొస్తుంటే సర్వరు ఎదురయ్యాడు. "మీరేనా అమ్మా ఫాతిమున్నీసా గారి చుట్టాలు? లోపల కూర్చున్నారని తెలీక మీకోసం మూల బల్ల అట్టే పెట్టేమండి" అని చూపించాడు. ఫుట్‌పాత్ చివర, గాలి తగిలే చోట, ఒక బల్లకు మూడు వైపులా కర్రలు కట్టి వాటికి పువ్వుల దుప్పటి చుట్టారు. "నిన్న ఆవిడే దుప్పటి పంపించేరు. మా చెల్లి నలుగురి ఎదురుగా తినదు బాబూ, దాని చుట్టూ అడ్డం కట్టండి అన్నారు."

అచ్చియ్యమ్మ ఆ దుప్పటిని ముట్టుకుని చూసింది. తర్వాత గౌతమి చెయ్యి పట్టుకుని "ఆ అఫీఫా గుంటకి ఫోన్ సెయ్యి" అంది.

ఫోనెత్తిన అఫీఫా గొంతులో ఏడుపుంది. "ఇంటికి రాగానే దాదీకి మందు పీల్చే మిషన్ పెట్టేం మామ్మగారూ. ఏసీ గదుల్లో ఆవిడకి ఊపిరాడదు, డాక్టరు ఎప్పుడో వద్దన్నారు. అందుకే బయట బల్ల చెప్పుకున్నాం."

"నాకు సెప్పలేదేటమ్మా?"

"నేను చెప్పబోయేను, చెయ్యి నొక్కేసేరు. అడ్డం కట్టినా బయటంటే మీకు ముద్ద దిగదట, లోపల కుదురుగా కూర్చున్నారట. నాకు కాసేపే కదా ఇబ్బంది అన్నారు. ఫోను ఆవిడకిస్తన్నాను, ఒక్క మాటే మాట్లాడండి."

ఫోనులో ఊపిరి వినిపించింది, పాత తలుపు కీళ్ళలా కీచుమంటూ. తప్పయిపోయిందక్కా అన్న మాట అచ్చియ్యమ్మ గొంతు దాకా వచ్చింది.

"కోపం... పోయిందేటే?" అంది ఫాతిమున్నీసా.

"కోపమెవలికి?" అంది అచ్చియ్యమ్మ. "మాట్లాడకు. మందు పీల్చు. మాట్లాడకంటే..."

అవతల ఫోను పెట్టేశారు.

"స్టేషనుకి వెళ్దాం పద మామ్మా, ఇంకా టైముంది" అని గౌతమి ఆటో కోసం చెయ్యెత్తింది.

అచ్చియ్యమ్మ ఆ చెయ్యి దించేసింది. "నన్ను సూత్తే మాటాడకుండా ఉండదే అది. మాటాడితే ఊపిరాడదు."

ఆమె బయటి మూల బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. సర్వరు వచ్చి, మిగతా కుర్చీలకి జనం ఎదురుచూస్తున్నారని నసుగుతూ, దుప్పటి విప్పమంటారా అని అడిగాడు. విప్పమంది. దుప్పటి తీయగానే వీధంతా కళ్ళెదుటికి వచ్చింది. పోయేవాళ్ళు ఆమెను చూశారు, ఆమె మొహాన్నీ కన్నీళ్ళనీ చూశారు. చెంగు అడ్డం పెట్టుకోవాలని ఆమెకు తోచలేదు.

"రైలు కదిలేదాకా ఇక్కడే కూకుంటాను" అంది.

"ఇక్కణ్ణుంచి రైలు కనిపించదు మామ్మా."

"తెలుసు."