జేబులో ఇంకేముంది?

ఆ ఇస్త్రీ కొట్టులో ఒక నియమం ఉంది. ఏ చొక్కా అయినా బల్ల ఎక్కేముందు దాని జేబులు రెండుసార్లు తడిమి చూడాలి. మొదటిసారి "ఏమీ లేదు" అనిపించిన జేబులోంచే రెండోసారి బస్సు టికెట్టో, బీరువా తాళమో, సగం కరిగిన చాక్లెట్టో బయటపడుతుంది. ఆ రెండోసారి తడమడం నాలుగున్నరేళ్ళ పిచ్చుక పని. బడి రిజిస్టరులో పిల్లకు వేరే పేరుంది గాని, నోరు మూతపడదని అమ్మ పెట్టిన ముద్దుపేరే వీధంతా నిలిచిపోయింది.

ఇప్పుడా పిచ్చుక జేబుల జోలికి రావడం లేదు. బల్లకు నాలుగడుగుల దూరంలో, స్టూలు మీద చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంటోంది.

ఎనిమిది నెలల కిందట ఇస్త్రీపెట్టె తగిలి పిల్ల కుడి మణికట్టు కాలింది. పుండు మానింది, వేలెడంత మచ్చ మిగిలింది. కొట్టుకొచ్చినవాళ్ళు "అయ్యో, చేతికేమైంది?" అని అడగడం, మూటలు కడుతున్న నానమ్మ "వద్దంటే వింటుందా, పెంకి ఘటం! వెళ్ళి పెట్టె మీద చెయ్యి పెట్టింది" అని నవ్వేయడం మామూలైపోయింది. విని విని పిల్లా అదే పాట అందుకుంది. "నేను చెడ్డదాన్ని. ముట్టుకున్నా. అందుకే కాలింది."

ఆ వారం పంతులమ్మ తల్లిని బడి గేటు దగ్గర ఆపింది.

"బంకమట్టి ఇస్తే ముట్టుకోదు. బొమ్మలిస్తే ముట్టుకోదు. ముట్టుకుంటే తప్పంటుంది. చెయ్యి కాలిన రోజు గురించి దాంతో ఎప్పుడైనా మాట్లాడారా?"

"అంత చిన్నదానికి ఏం చెప్పనండీ?"

"చెప్పొద్దు, అడగండి. అడిగి ఆగండి. ఆగలేక మీరే పూర్తి చేసేస్తే లాభం లేదు."

తల్లి ఈ సంగతి చెప్పగానే అత్తగారు, అదే పిల్ల నానమ్మ, కయ్యిమంది. "ఆ ఊసెత్తకే తల్లీ. మానిన పుండును గోకుతావా? పిల్ల తనే మరిచిపోతుంది."

"మరిచిపోవాలంటే మరి మీరు రోజుకు నలుగురికి ఎందుకు చెబుతున్నారు అత్తయ్యా?"

అత్తగారు మూట తాడు ముడి వేసి, విప్పి, మళ్ళీ వేసింది.

మధ్యాహ్నం తల్లి స్విచ్చి తీసేసి, పెట్టె చల్లారాక, పిల్ల స్టూలు పక్కనే నేల మీద కూర్చుంది.

"పిచ్చుకా, నీ చెయ్యి కాలిన రోజు బల్ల మీద ఏముంది?"

"చొక్కా."

"ఏ చొక్కా?"

"నీలంది. జేబు మీద పెన్ను మరక."

తల్లి ఉలిక్కిపడింది. మరక ఉన్నమాట నిజమే. ఆ సంగతి తనకే గుర్తులేదు. "భలేదానివే! ఇంకా?"

"పొగ."

పిల్ల ఆగిపోయింది. మిగతాది తనే చెప్పేయాలని తల్లికి నాలుక దురద పెట్టింది. పళ్ళ మధ్య నొక్కిపెట్టుకుంది.

"రెండోసారి తడిమి చూడు. ఆ రోజు జేబులో ఇంకేముంది?"

పిల్ల మచ్చ వైపు చూసింది, గుమ్మం వైపు చూసింది. "నువ్వు లేవు. గుమ్మంలో ఎర్రగొడుగు ఆంటీతో నవ్వుతున్నావు. అమ్మా అని పిలిచా. మూడుసార్లు. వస్తున్నా ఉండు అన్నావు, రాలేదు. చొక్కా కాలిపోతోందని లాగాను. పెట్టె పడింది."

పెట్టె వదిలి వెళ్ళింది తానేనని తల్లికి మొదటినుంచీ తెలుసు. మూడుసార్లు పిలిచిందని మాత్రం ఇప్పుడే తెలిసింది.

"ముట్టుకోవడం తప్పు కదమ్మా?"

"కాదు. వేడి పెట్టె వదిలి కబుర్లకు పోయింది నేను. తప్పు నాది. ఇంకోసారి పొగొస్తే లాగకు, దూరంగా పో, కొట్టు అదిరేలా కేక పెట్టు. కానీ ఆ రోజు తప్పు నీది కానే కాదు."

"నెమ్మదిగా చావవే, వీధి వింటుంది!" అత్తగారు మూటల వెనకనుంచి లేచొచ్చింది. "పిల్లని కాల్చుకున్న తల్లి అని నలుగురూ నిన్ననకూడదనే కదే నేనా మాట పుట్టించింది! నీకోసమే!"

"తెలుసు అత్తయ్యా. అందుకే ఎనిమిది నెలలు నోరు మూసుకున్నా. నా నెత్తిన ఉండాల్సిన మూట తీసి దీని నెత్తిన పెట్టాం మనిద్దరం. ఇక మూసుకోను. ఎవరేమన్నా అననివ్వండి."

మర్నాడు పొద్దున మూడో అంతస్తు లాయరమ్మ నల్లకోటుతో వచ్చింది. "అరెరె, ఆ మచ్చేంటి పాపా?"

అలవాటు కొద్దీ అత్తగారు నోరు తెరిచింది. తల్లి పెట్టెను నిలబెట్టి స్విచ్చి తీసింది.

"మీరాగండి అత్తయ్యా. చెయ్యి దానిది, మాటా దానిదే."

పిల్ల చెయ్యి ముందుకు చాపింది. "అమ్మ పెట్టె వదిలేసింది. పొగొచ్చింది. నేను పిలిచా. చొక్కా లాగాను. కాలింది. అమ్మ చల్లనీళ్ళు పోసింది. ఏడ్చింది."

"ఎవరు, నువ్వా?"

"అమ్మ."

లాయరమ్మ కనుబొమలు పైకెక్కాయి. "వేడి పెట్టె వదిలి వెళ్ళావా? నీ చేతికా నా కోట్లు ఇస్తున్నది?"

"వెళ్ళానండీ, ఒక్కసారి. ఇప్పుడు స్విచ్చి తీయకుండా గుమ్మం దాటను. నమ్మితే ఉంచండి, నమ్మకపోతే తీసుకెళ్ళండి. పిల్ల చెప్పింది మాత్రం అక్షరం మార్చను."

లాయరమ్మ కోటు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

"పోయిందా? చల్లబడిందా కడుపు?" అంది అత్తగారు.

"చల్లబడింది."

పిల్ల ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. అత్తగారు మూతి ముడుచుకుని నాలుగు చొక్కాలు మడత పెట్టింది. ఐదోది చేతిలో ఉండగా ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏమే పిచ్చుకా, అంతా చెప్పానని మురిసిపోకు. ఒక కాలికి మీ నాన్న బూటు, ఇంకో కాలికి నా చెప్పు వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తానే, అది చెప్పావా?"

పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. "ఏ కాలికి బూటు నానమ్మా?"

"ఎడమ కాలికి. నర్సు నన్ను చూసి, ముందు ఈవిణ్ణి పడుకోబెట్టండి అంది."

పిల్ల కిసుక్కున నవ్వింది. స్టూలు దిగి మూటల దగ్గరికి వచ్చింది. పైనున్న పంట్లాం జేబులో చెయ్యి మోచేతిదాకా దూర్చి, నానమ్మ మొహంలోకి చూస్తూ అడిగింది.

"ఇంకా?"