గుడి మారిన ‘స’

మా ఆయన పోయాక డొంకూరు నుంచి టెక్కలి వచ్చేశాను. ఇక్కడ ఒక కాలేజీ ల్యాబులో తుడవడం, కడగడం నా పని. ఆ ల్యాబులో పరిశోధన చేసే సౌజన్యది కంచిలి. ఇనుమునీ, సమేరియం అనే అరుదైన లోహాన్నీ కలిపి కరిగించి, ముద్ద చేసి, పొడిగా నూరుతుంది. నేను యాభై దాటాక అక్షరాలు దిద్దానని తెలిసి, పొట్లాల మీద పేర్లు రాసే పని నాకిచ్చింది.

“ఇనుమూ సమేరియమే ఉంటే ‘స’ రాయి పిన్నీ. రవ్వంత టైటానియం కూడా పడితే గుడి పెట్టి ‘సి’ చెయ్యి.”

“ఆ రవ్వకి అంత మర్యాదేటమ్మా?”

“అది పడితేనే లోపల పరమాణువులు అడుగుభాగం చదరంగా ఉన్న పెట్టెల్లాగ సర్దుకుంటాయి. నేకపోతే వరసే మారిపోద్ది, కొంత ఇనుము విడిగా మిగిలిపోద్ది. నీ ‘స’ మీద గుడి లాంటిదే.”

ముందు అక్షరాలన్నీ రాసి, గుళ్లూ కొమ్ములూ తర్వాత పెట్టడం నాకు అలవాటు. ఆ రోజు బల్ల మీద ఎడమ పొట్లం టైటానియం లేనిది, కుడిది ఉన్నది. రెండిటి మీదా ‘స’ రాశాను. ఇంతలో కుళాయి నీళ్లు బల్ల మీదికి పారాయి. పొట్లాలు తీసి, బల్ల తుడిచి, మళ్లీ పెట్టి, కుడిదానికి గుడి పెట్టాను. పెన్ను మూశాక అనుమానం వచ్చింది: తిరిగి పెట్టేటప్పుడు తారుమారు చేశానేమో? అడగడానికి సిగ్గేసింది. ఇంకా అక్షరం రాలేదనుకుంటుందని ఊరుకున్నాను.

మూడు రోజులకి ఆ పొడులకి తీసిన ఎక్స్‌రే కాగితాలు వచ్చాయి. సౌజన్యకి సారైన వైకుంఠరావుగారు వాటిని బల్ల మీద కొట్టారు.

“టైటానియం వేసినదాంట్లో పెట్టెల్లేవు, వెయ్యనిదాంట్లో ఉన్నాయి! ఫోను సూస్తా తూసావేటి?”

“నేదు సార్. రెండుసార్లు తూసాను.”

“మళ్లీ చెయ్యి.”

“సమేరియం అయిపోయింది సార్.”

“అయితే సోమవారం సెమినార్లో నీ పేరు తీసేస్తాను.”

తుడిచే గుడ్డ పట్టుకుని నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను. నోరు తెరిచాను.

“టీ తెమ్మంటారా సార్?” అన్నాను.

టీ పోస్తుంటే సౌజన్య నా దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “నేనే తప్పు తూసుంటాను పిన్నీ. ఈ రెండూ పారేసెయ్,” అని పొట్లాలు నా చేతిలో పెట్టింది.

పారేస్తే ఎవరికీ తెలియదు. చెత్తబుట్ట దాకా వెళ్లాను కూడా. అక్కడ నుంచి వెనక్కి తిరిగి, వాటిని సారు ముందు పెట్టాను.

“పిల్ల తూకం తప్పలేదు సార్. గుడి నేనే మార్చి పెట్టాను.”

ఏ పొడిలో టైటానియం ఉందో వేరే మిషన్లో చూసి తేల్చారు. తారుమారైనవి పొట్లాలే. సెమినార్లో సౌజన్య పేరు ఉండిపోయింది. సారు నవ్వేశారు. సౌజన్య నవ్వలేదు.

“నీకు ఎప్పుడు తెలిసింది పిన్నీ?”

“పెట్టిన రోజే అనుమానమొచ్చిందమ్మా.”

“మరి నన్ను తిడతంటే, టీ తెమ్మంటారా అన్నావు.”



మర్నాడు కొత్త పొట్లాల మీద పేర్లు తనే రాసుకుంది, ఇంగ్లీషులో. నేను బల్ల తుడిచాను. పొట్లాలు ఉన్నచోట మాత్రం గుడ్డ ఆనించలేదు.