నాలుగో పాదం

విరిగిన పాల వాసన.

తడి చెక్క వాసన.

జున్ను దిమ్మలోంచి తేట కారుతోంది — చుక్క... చుక్క... మళ్లీ చుక్క.

థామసిన్ దిమ్మను రెండు చేతులా ఎత్తి తిరగేస్తుంది. పొద్దున్నే ప్రతి దిమ్మనూ తిరగెయ్యాలి. లేకపోతే తడి ఒకవైపే దిగి కుళ్లిపోతుంది. ఎత్తేటప్పుడు సగం పాదం, దించేటప్పుడు సగం పాదం. ఆమె పద్యం కట్టేది అలాగే.

ఎవరికీ తెలియదు.

ఆవులకు కొంచెం తెలుసు.

ఆమెకు చదవడం వచ్చు. రాయడం రాదు. ఆ ఊళ్లో ఆడవాళ్లు చాలామంది అంతే. పిల్లలకు ముందు చదవడం నేర్పుతారు, బైబిలు చదువుకోవాలి గనక. రాయడం తరవాతి సంగతి. ఆ తరవాత వచ్చేలోపే ఆడపిల్ల చేతికి పాలకుండ వస్తుంది. థామసిన్‌కు ఏడేళ్లప్పుడు వచ్చింది.

అందుకని కట్టిందంతా తలలోనే ఉంటుంది. బయటి నుంచి ఎవరూ తలుపు తట్టని గదిలో.

భర్త యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. అతను పోరాడింది రాజు వైపా, పార్లమెంటు వైపా అని ఎవరైనా అడిగితే, "మట్టి వైపు" అనేది. ఆ తరవాత కూతురు ఉర్సులా. ఆరేళ్లది. గడ్డి కోతల నెలలో జ్వరం వచ్చింది. కోతలు అయిపోయాయి. ఉర్సులా కూడా.

ఉర్సులా మీద పద్యం ఒక్క పొద్దులో వచ్చింది. పన్నెండు పాదాలు.

*ఉర్సులా, నీ చెప్పులకు ఇంకా పొలం మట్టి ఉంది* — అది మొదటిది.

నాలుగో పాదం దగ్గర చేతులు ఆగిపోయాయి. దిమ్మ గాలిలోనే ఉండిపోయింది. తేట మణికట్టు మీదుగా మోచేతి దాకా జారింది. చల్లగా. అంత నిజమైన మాట తన నోట ఎప్పుడూ రాలేదని ఆమెకు తెలిసింది.

శీతాకాలం మొదట్లో ఒకరోజు, పాత పద్యం ఒకటి వెతుక్కుంటే దొరకలేదు. నిన్న ఉంది. ఇవాళ లేదు. ఆమెకు భయం వేసింది. తల కూడా కుండే. ఎక్కడో చిల్లు పడింది.

చేతులు కడుక్కుని చిన్న పాదిరి లవెల్ గారి దగ్గరకు వెళ్లింది. ఉర్సులా పద్యం చెప్పింది. ఆయన రాసుకున్నాడు.

"నువ్వే కట్టావా అమ్మా? ఎక్కడా విన్నది కాదు కదా?"

"ఎవరు వినిపిస్తారండీ నాకు?"

మర్నాడు శుభ్రంగా తిరగరాసిన కాగితం ఇచ్చాడు. ఆమె అక్కడే నిలబడి చదివింది. మూడు పాదాలు చదివి తలెత్తింది.

"నాలుగోది నాది కాదు, పాదిరిగారూ."

"కొంచెం మార్చానమ్మా. నువ్వు చెప్పింది... దేవుడితో పోట్లాడినట్టుంది."

"పోట్లాడానండీ."

ఆయన మంచివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మళ్లీ రాసిస్తాలే, పండగ వెళ్లనీ" అన్నాడు. పండగకు ముందే ఆయన్ను దూరపు ఊరి గుడికి మార్చారు.

కాగితం మిగిలింది.

ఆమె దాన్ని రోజూ చదివింది. బిడ్డ మీద కట్టిన మాటల్లో చేతికి తగిలేది అదొక్కటే. నాలుగో పాదం దగ్గర కళ్లు మూసుకునేది. తనది చెప్పుకునేది. కళ్లు తెరిచేది.

కానీ కళ్లు మూసుకునే లోపే కళ్లు చదివేస్తాయి.

*దేవుడి ఒడిలో నీకు నిద్ర హాయి.*

అందంగా ఉంటుంది. అదే బాధ.

వసంతం వచ్చింది. ఏటి దగ్గర పెద్ద ఉతుకుడు దగ్గర పడింది. అందరి దుప్పట్లూ కలిపి ఉతుకుతారు గనక ఎవరిది వారికి తెలియాలి. మూలన ఎర్రదారంతో పేరు తొలి అక్షరాలు కుడతారు. ఒక కుట్టు, దాని మీద అడ్డంగా ఇంకొకటి. థామసిన్ సూదిలో దారం ఎక్కిస్తూ ఆగింది.

ఈ చేతికి అక్షరాలు వచ్చు.

కలం పట్టుకుంటే రావు. సూది పట్టుకుంటే వస్తాయి.

ఉర్సులా దుప్పటి తీసి ఒళ్లో పరుచుకుంది. పాలు పితికాక, దిమ్మలు తిప్పాక, గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని కుట్టింది. పాదానికి మూడు రోజులు.

పక్కింటి డోర్కస్ కంచె మీద మోచేతులు ఆనించింది. ఆమెకు చదవడం కూడా రాదు.

"ఏమే, దుప్పటికి రెండక్షరాలు చాలవా? కీర్తనల పుస్తకమంతా ఎక్కిస్తున్నావు. దొంగ ఎత్తుకుపోతే చదువుతూ కూర్చుంటాడనా?"

"చదివితే మంచిదేగా."

"నీకు పిచ్చి ముదిరిందే తల్లీ" అని నవ్వి, గుడ్లు రెండు గుమ్మంలో పెట్టి వెళ్లింది.

మూడు పాదాలు అయ్యాయి.

నాలుగో దాని కోసం సూది దించింది... ఆగింది.

*దేవుడి ఒడిలో —*

కాదు. అది కాదు.

దిమ్మల దగ్గరకు వెళ్లింది. ఒకటి ఎత్తి గాలిలో పట్టుకుని నిలబడింది, ఆ రోజు నిలబడినట్టే. తేట మోచేతి దాకా జారింది. చల్లదనం వచ్చింది. మాట రాలేదు. చల్లదనం వెనకే పాదిరిగారి గొంతు వచ్చింది, మెత్తగా, చెవులు ఎర్రబడిన గొంతు.

కంచె దగ్గరకు పరుగెత్తింది.

"డోర్కస్! ఉర్సులా పోయాక నీతో ఎప్పుడైనా ఏమైనా అన్నానా? దేవుడి మీద... కోపంగా?"

"నువ్వా? నీ నోట్లోంచి మాట ఊడాలంటే ముందు పళ్లు ఊడాలి." తరవాత ఆమె ముఖం చూసి గొంతు తగ్గించింది. "లేదే అమ్మా. ఏడవను కూడా ఏడవలేదు నువ్వు. మేమే ఏడ్చాం."

ఆ మాట విన్నది లోకంలో ఒక్కడే. విని, మార్చినవాడు.

మూడు రోజులు సూది ముట్టలేదు. నాలుగో రోజు ఒక పాదం పట్టేంత బట్ట వదిలేసి, ఐదోది మొదలుపెట్టింది.

ఉతుకుడు రోజు ఎండ బాగా కాసింది. తడి దుప్పట్లు ముళ్లకంచెల మీద పరిచారు. డోర్కస్ ఇంకా పిండాల్సిన దుప్పటి ఒకటి భుజాన వేసుకుని, ఎర్ర వరసల మీద వేలితో తడుముతూ వచ్చి ఆగింది.

"ఇక్కడ ఎగ్గొట్టావే. మూడు వరసలయ్యాక ఖాళీ."

"ఎగ్గొట్టలేదు."

"మరి?"

"అక్కడ కుడితే ఇంకొకరిదే వస్తుంది. నాది వచ్చేదాకా ఉండనీ."

"రాకపోతే?"

థామసిన్ దుప్పటి అంచు సరిచేసి ఎదురుగా నిలబడింది. పైకి చదవడం మొదలుపెట్టింది. మొదటిసారి, రాసుకోవడానికి కాక వినడానికి మనిషి ఉన్న చోట. ఒక పాదం. రెండు. మూడు.

ఆగింది.

పెదవులు కదిలాయి. ఒక పాదం పట్టేంత సేపు — అంతే సేపు, తక్కువ కాదు, ఎక్కువ కాదు — ఏమీ వినిపించలేదు. ఏరు వినిపించింది.

డోర్కస్ పిండబోయిన దుప్పటి చేతుల్లోనే ఉండిపోయింది. నీళ్లు ఆమె మోచేతుల మీదుగా కారుతున్నాయి...

థామసిన్ ఐదో పాదం ఎత్తుకుంది.