మాటకారి ఆఖరి భాగం

వారపత్రికలో నా సీరియల్ నడిచినన్నాళ్లూ, పంపే ముందు ప్రతి భాగాన్నీ అమ్మకు చదివి వినిపించేదాన్ని. అమ్మకు చూపు తగ్గింది గానీ, తప్పులు పట్టడంలో మా ఎడిటరు ఆమె ముందు దిగదుడుపే.

అందులో మాటకారి అని ఒకడున్నాడు. నోరు తెరిస్తే అబద్ధం, ఎంతటివాణ్ణయినా బుట్టలో వేస్తాడు. నేను చెమటోడ్చి మలిచిన నీతిమంతుడైన హీరో గురించి ఒక్కరూ కార్డు ముక్క రాయలేదు. ఉత్తరాలన్నీ ఈ వెధవకే! అమ్మ సంగతి చెప్పనక్కర్లేదు.

"ఈ వారం ఆ దొంగవెధవ దొరికిపోడు కదే?" అని కాగితాలు తియ్యకముందే అడిగేది.

ఆ మాటకారి నిజానికి మా తమ్ముడే. ఆ సంగతి అమ్మకు తెలియదు. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఇక లాభం లేదని డాక్టరు చెప్పింది వాడొక్కడికే. వాడు ఇంటికొచ్చి, "నీరసమేనమ్మా, రెండ్రోజుల్లో పంపేస్తారట" అన్నాడు. నాన్న వస్తారని అమ్మ ఆయన చొక్కాలు ఉతికి, ఊడిన బొత్తాలు కుట్టుకుంటూ ఇంట్లోనే ఉండిపోయింది. ఆమెకు ఆఖరి చూపు దక్కలేదు. ఆరేళ్లుగా వాణ్ణి గడప తొక్కనివ్వలేదు.

కథలో వాణ్ణి ప్రేమిస్తే ఇంట్లోకీ రానిస్తుందని నా పన్నాగం. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆదివారం ఉదయం తమ్ముణ్ణి పిలిపించి, కింద మెట్ల దగ్గర ఉండమని చెప్పి, పైన అమ్మకు ఆఖరి భాగం చదివాను. తండ్రికి చావు దగ్గరపడిందని తల్లికి చెప్పకుండా దాచిన మాటకారి, ఏళ్ల తర్వాత ఆమె గుమ్మం ముందు నిలబడతాడు. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"లోపలికి రమ్మనవే వాణ్ణి! చెప్పలేక అబద్ధమాడాడు గానీ, పాపం, చెడ్డవాడు కాదు."

పాచిక పారిందనుకున్నాను.

"అమ్మా, వాడు కింద ఉన్నాడు."

అమ్మకు అర్థమైంది. పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"నువ్వు రాసినవాడు అబద్ధమాడేముందు వాడి భయమంతా నాకు చెప్పుకుంటాడే" అంది. "ఎవరు మోసపోయినా నేను మోసపోను. అందుకే ముద్దొస్తాడు. మీ తమ్ముడు మోసం చేసింది నన్నే కదా."

"వాడికిప్పుడు చెప్పుకోవాలనుందమ్మా."

"ఇప్పుడు చెబితే మీ నాన్న కనిపిస్తారా? వెళ్లమను."

కిందికి వెళ్లాను. తమ్ముడు గబుక్కున లేచాడు. అప్పుడే జుట్టు నెరిసింది వాడికి.

"ఏమందక్కా?"

"నిద్రపోతోందిరా. లేపబుద్ధి కాలేదు."

పైన అమ్మ వెక్కివెక్కి ఏడవడం ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది. వాడు ఒక్కసారి తలెత్తి చూశాడు.

"సరేలే, పడుకోనీ" అని వీధిలోకి వెళ్లిపోయాడు.