పప్పు ఉడికించిన సాక్ష్యం

నేను ఒక అయిదు లీటర్ల ప్రెషర్ కుక్కర్ని. పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో, కాపురం రాయలసీమలో ఒక టీచరమ్మ వంటింట్లో. మూత సరిగా పట్టడం లేదని ఆమె నన్ను దస్తగిరికిచ్చింది. వీధులు తిరిగి కుక్కర్లు బాగుచేసుకుని బతికే మనిషి, నా మూత ఇట్టే సరిచేశాడు. అక్కడే మా ఇద్దరి కొంప మునిగింది.

ఎక్కడో కుక్కర్లో బాంబు పెట్టి పేల్చారట. పోలీసులు వచ్చి చూస్తే దస్తగిరి ఇంటినిండా కుక్కర్లే. ఇన్నెందుకని నిలదీశారు. కుక్కర్లు బాగుచేసేవాడి ఇంట్లో కుక్కర్లు కాక పట్టుచీరలుంటాయా? ఉగ్రవాదని అనుమానం రాసి అతన్ని జైల్లో వేశారు. నాకు చీటీ కట్టి, సీలు వేసి స్టేషనుకు మోసుకెళ్ళారు. నన్ను పరీక్షించిన రిపోర్టు వస్తేగానీ విచారణ మొదలుకాదన్నారు.

రిపోర్టు ఎక్కణ్ణుంచి వస్తుంది, నా మొహం! స్టేషన్ కుక్కర్ పాడైన రోజు కానిస్టేబుల్ ఓబులేసు నా సీలు పీకి పొయ్యెక్కించాడు. బాంబు సామానని రాసిన చేత్తోనే కందిపప్పు పోశాడు. ఇక నన్ను ల్యాబుకు పంపితే వీళ్ళ బండారం బయటపడదూ? అందుకే పంపలేదు. వాయిదా మీద వాయిదా. ఏళ్ళు గడిచాయి. ఇన్‌స్పెక్టర్లు మారారు, పప్పు మారలేదు.

దస్తగిరి భార్య మాబున్ని ఒకనాడు మొగుడి సంగతి అడగడానికి వచ్చి, కేసు చీటీ వేలాడుతున్న నన్ను పొయ్యి మీద చూసింది. అరవలేదు, ఏడవలేదు.

"అన్నా, ఇది బాంబయితే మీరెట్ల తింటాండారు? కుక్కరే అయితే మా ఆయన్నెందుకు లోపలేసినారు?"

ఓబులేసు తలెత్తకుండా పప్పుగుత్తితో ఎనుపుతూనే ఉన్నాడు. సిగ్గుపడ్డాడనుకునేరు, చల్లారితే పప్పు మెదగదని అతని తొందర.

ఆమె వకీలుతో బెయిలుకు అర్జీ వేయించింది. ఆ వాయిదా రోజు నన్ను తోమి, మూతకు కొత్త సీలు వేసి కోర్టులో పెట్టారు. పప్పు సంగతి వకీలు చెబితే అంతా అబద్ధమన్నారు పోలీసులు. పైగా ఇతన్ని వదిలితే సాక్ష్యాన్ని పాడుచేస్తాడని సర్కారు వకీలు గొంతు చించుకున్నాడు. పాడుచేయడానికి ఇంకేం మిగిలింది నాయనా! జడ్జిగారు తలూపారు. బెయిలు లేదు. ఎన్నాళ్ళని దస్తగిరి అడిగాడు. రిపోర్టు వచ్చేదాకా అన్నారు.

వ్యాను దగ్గరికి తీసుకెళుతుంటే అతను కోర్టు వరండాలో పెట్టిన నా పక్కనుంచి నడిచాడు. వదులై వేలాడుతున్న నా పిడిని చూసి, చేతి అలవాటు కొద్దీ బిగించబోయాడు. పొద్దునే నాలో వండిన పప్పు తినొచ్చిన ఓబులేసు ఆ చేతిని విదిలించి కొట్టాడు.

"సాక్ష్యం. ముట్టుకోగూడదు" అన్నాడు.